మాస్టారి చెక్క స్కేలు, నా 320 డీపీ

"గడి రెండంగుళాలు ఉండాలమ్మాయ్. మించకూడదు, తగ్గకూడదు" అన్నారు మాస్టారు, పిల్లలు యాప్‌లో వేలితో అక్షరం దిద్దే గడి గురించి. సరేనన్నాను. ఇందులో కష్టమేముంది అనుకున్నాను. ఆండ్రాయిడ్‌లో తెర మీది కొలతల్ని డీపీలలో చెప్తాం. 160 డీపీ అంటే ఒక అంగుళం, 320 డీపీ అంటే రెండంగుళాలు. ఎనిమిదేళ్ళుగా ఇదే పని చేస్తున్నదాన్ని, నిద్రలో లేపి అడిగినా చెప్తాను ఈ లెక్క.

వారం తర్వాత మూడు ట్యాబ్‌లలో యాప్ ఎక్కించి తీసుకెళ్ళాను. ఆయన బల్ల సొరుగులోంచి చెక్క స్కేలు తీశారు. అంచు కాస్త అరిగిపోయింది కాబట్టి సున్నా దగ్గర కాకుండా ఒకటో అంగుళం దగ్గర నుంచి కొలుస్తారాయన. మొదటి ట్యాబ్ మీద పెట్టి, కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని చూశారు.

"రెండుంపావు."

రెండో ట్యాబ్. "రెండున్నర."

మూడో ట్యాబ్. "ఇది పావు తక్కువ రెండు కూడా లేదే!"

మూడూ ఎనిమిది అంగుళాల ట్యాబ్‌లే. మూడింటిలోనూ 800 బై 1280 పిక్సెళ్ళే. ఒకదాని మీద ఒకటి పేర్చితే అంచులు కూడా దాదాపు కలుస్తాయి. యాప్ కూడా ఒకటే. ఆయన నా వైపు చూసిన చూపు, నాలుగో ఎక్కం తప్పు చెప్పిన పిల్లని చూసినట్టుంది. "సాఫ్ట్‌వేర్‌లో అంగుళానికి ఇంకో కొలతేమైనా ఉందా?" అని అడిగారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. ఉంది మాస్టారూ అని అప్పుడు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి రాత్రంతా కూర్చున్నాక తెలిసింది, నిజంగానే ఉందని.

అసలు సంగతి కొంచెం ముందునుంచి చెప్తాను. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి తెనాలి వచ్చేశాక చిన్న చిన్న యాప్ పనులు పట్టుకుని చేస్తున్నాను. మాస్టారు రిటైరయ్యాక ఎల్‌కేజీ నుంచి రెండో తరగతి దాకా ఒక చిన్న బడి నడుపుతున్నారు. ఆయనకి కావలసింది అక్షరాలు దిద్దించే యాప్. గడిలో మసక రంగులో 'అ' కనిపిస్తుంది, పిల్ల దాని మీద వేలు పెట్టి దిద్దాలి, సరైన చోట మొదలుపెట్టి సరైన దిక్కులో తిప్పితేనే రంగు నిండుతుంది. ఇలాంటి యాప్‌లు ప్లే స్టోర్‌లో బోలెడున్నాయి కదా అంటే, "వాటిలో అక్షరం తెరంతా ఉంటుంది. చిన్నపిల్లలు భుజం దగ్గర్నుంచి చెయ్యంతా తిప్పి రాస్తారు. అలా అలవాటైతే రేపు పుస్తకంలో రాయలేరు. మరీ చిన్నగా ఉంటే వేలి కింద అక్షరం దాక్కుంటుంది" అన్నారు. నలభై ఏళ్ళు పలకల మీద దిద్దించిన మనిషి. ఆయన లెక్కలో నాలుగేళ్ళ వేలికి రెండంగుళాల గడి. నాకు వాదించే అర్హత లేదు.

ట్యాబ్‌లు మాత్రం ఆయన ఒకేసారి కొనలేదు. విజయవాడ వెళ్ళినప్పుడల్లా చవగ్గా దొరికినవి రెండేసి, మూడేసి తెచ్చారు. అందుకే మూడు రకాలు. ఆ కంపెనీల పేర్లు ఇక్కడ అవసరం లేదు.

ఆ రాత్రి నేను చేసిన మొదటి పని, కాలిక్యులేటర్ తీయడం. 800 బై 1280 తెరకి మూల నుంచి మూలకి ఎన్ని పిక్సెళ్ళో పైథాగరస్ చెప్తాడు: 1509. దాన్ని ఎనిమిది అంగుళాలతో భాగిస్తే అంగుళానికి సుమారు 189. అంటే ఈ మూడు ట్యాబ్‌ల అసలు సాంద్రత అంగుళానికి 189 పిక్సెళ్ళు. రెండంగుళాల గడి కావాలంటే 378 పిక్సెళ్ళ గడి గీయాలి. చాలా సింపుల్.

కానీ నేను పిక్సెళ్ళలో చెప్పలేదు, డీపీలో చెప్పాను. డీపీని పిక్సెళ్ళుగా మార్చేటప్పుడు ఆండ్రాయిడ్ ఈ 189ని చూడదు. కంపెనీ వాళ్ళు ట్యాబ్‌కి తగిలించిన చీటీని చూస్తుంది. ఆ చీటీ పేరే డెన్సిటీ.

ఆ చీటీలో ఏముందో చూడటానికి ట్యాబ్‌ని లాప్‌టాప్‌కి కలిపి ఏడీబీలో (లాప్‌టాప్ నుంచి ట్యాబ్‌కి ఆదేశాలిచ్చే పనిముట్టు) డబ్ల్యూఎం డెన్సిటీ అని అడిగితే చాలు. మొదటి ట్యాబ్ 213 అంది. రెండోది 240. మూడోది 160. ఇక లెక్క చూడండి. 213 చీటీ ఉన్నదానిలో 320 డీపీ అంటే 426 పిక్సెళ్ళు, 189తో భాగిస్తే 2.25 అంగుళాలు. 240 ఉన్నదానిలో 480 పిక్సెళ్ళు, అంటే 2.54. 160 ఉన్నదానిలో 320 పిక్సెళ్ళే, అంటే 1.69. రెండుంపావు, రెండున్నర, పావు తక్కువ రెండు కూడా లేదు! మాస్టారి కళ్ళజోడుకి దండం పెట్టాను.

రెడీమేడ్ షాపులో 40 సైజు అని చీటీ ఉన్న మూడు కంపెనీల చొక్కాలు తెచ్చి తొడిగి చూడండి. ఒకటి భుజాల దగ్గర పడుతుంది, ఒకటి వేలాడుతుంది. చీటీ అబద్ధం కాదు, అలాగని టేపు పెట్టి కొలిచిన కొలతా కాదు. ఈ డెన్సిటీ కూడా అంతే. ఇన్నేళ్ళు దాన్ని కొలత అనుకుని బతికేశాను. ఫోన్ యాప్‌లు చేసినన్నాళ్ళూ పట్టుకున్నవాడు లేడు, ఎందుకంటే ఎవరూ స్కేలు పెట్టి చూడలేదు.

ఈ చీటీలు ఎలా పుట్టాయో తెలిస్తే ఈ గందరగోళం మీద కొంచెం కోపం తగ్గుతుంది. 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్, టీ-మొబైల్ జీ1, 320 బై 480 తెర. దాన్నే ఆధారంగా పెట్టుకుని 160ని మామూలు అనుకున్నారు. దాని పేరు ఎండీపీఐ, మధ్యస్థం. విచిత్రం ఏమిటంటే ఆ ఫోన్ తెర 3.2 అంగుళాలు, లెక్క కడితే అసలు సాంద్రత 180 వస్తుంది. అంటే మొట్టమొదటి ఫోన్ నుంచే చీటీ వేరు, కొలత వేరు. 2009లో ఆండ్రాయిడ్ 1.6తో వేరే వేరే తెరలకి దారి తెరిచినప్పుడు దానికి అటూ ఇటూ మెట్లు కట్టారు: 120 అంటే ఎల్‌డీపీఐ, 240 అంటే హెచ్‌డీపీఐ. తర్వాత ఫోన్లు మెరుగయ్యేకొద్దీ పైన 320, 480, 640 చేరాయి. ఎక్స్‌హెచ్‌డీపీఐ, దాని ముందు ఇంకో ఎక్స్, ఇంకో ఎక్స్. ఈ పేర్లు పెట్టినవాళ్ళకి మా బామ్మ ముత్తవ్వ, ముత్తవ్వకి అవ్వ అని చెప్పే వరస గుర్తొచ్చి ఉంటుంది.

ఈ మెట్లలో గుణకారాలు చక్కగా కుదురుతాయి. 160లో 48 పిక్సెళ్ళ ఐకాన్, 240లో 72, 320లో 96, 480లో 144, 640లో 192. ఒకటి, ఒకటిన్నర, రెండు, మూడు, నాలుగు రెట్లు. డిజైనర్‌కి చెప్పడానికి హాయి.

మరి ఈ 213 ఎక్కడిది? ఇది 160కి ఒకటీ మూడో వంతు రెట్లు, ఏ చక్కని లెక్కలోనూ పడదు. దీని పేరు టీవీడీపీఐ. పేరులోనే ఉంది, ఇది టీవీల కోసం పుట్టింది. 1080 గీతల టీవీకి 320 అని పెట్టుకుంటే, 720 గీతల టీవీలో కూడా బొమ్మ అదే నిష్పత్తిలో కనపడాలంటే 320లో మూడింట రెండు వంతులు కావాలి. అదే 213. యాప్‌లు రాసేవాళ్ళు దీన్ని పట్టించుకోనక్కర్లేదు అనే ధోరణిలోనే గూగుల్ వాళ్ళ సూచనలు కూడా ఉంటాయి. తర్వాత 2012లో గూగుల్ పేరుతోనే నెక్సస్ 7 అనే ట్యాబ్ వచ్చింది, ఏడు అంగుళాల్లో 800 బై 1280, అసలు సాంద్రత 216. దానికి దగ్గరగా ఉన్న చీటీ 213. అలా టీవీ చీటీ ట్యాబ్ మెడలో పడింది. మరుసటి ఏడాది వచ్చిన రెండో నెక్సస్ 7 తెర 1200 బై 1920 అయింది, చీటీ 320 అయింది. కానీ 800 బై 1280 తెరలు మాత్రం చవక ట్యాబ్‌లలో ఇంకా బతికే ఉన్నాయి, వాటితోపాటు 213 కూడా.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. నాకు గడి కొలత కన్నా ఎక్కువ తలనొప్పి తెచ్చింది ఇదే. ట్యాబ్‌కి ఒక లేఅవుట్, ఫోన్‌కి ఒక లేఅవుట్ (తెర మీద ఏది ఎక్కడ ఉండాలనే అమరిక) పెట్టుకుంటాం కదా. ఏది ట్యాబ్ అని ఆండ్రాయిడ్‌కి ఎలా తెలియాలి? ఒకప్పుడు స్మాల్, నార్మల్, లార్జ్, ఎక్స్‌లార్జ్ అని నాలుగు మోతాదులుండేవి, ఏడు అంగుళాల ట్యాబ్‌నీ పెద్ద ఫోన్‌నీ వేరుచేయడం వాటితో కష్టమైంది. ఆండ్రాయిడ్ 3.2 నుంచి తెర చిన్న వైపు ఎన్ని డీపీలో చూసే పద్ధతి వచ్చింది. ఎస్‌డబ్ల్యూ600డీపీ అనే ఫోల్డర్‌లో పెట్టిన లేఅవుట్, చిన్న వైపు 600 డీపీ లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న తెరలకి వెళ్తుంది. ఏడు అంగుళాల ట్యాబ్‌కి 600, పది అంగుళాలకి 720 అని అందరం చిలకపలుకుల్లా నేర్చుకున్నాం.

మళ్ళీ మన మూడు ట్యాబ్‌ల దగ్గరకి రండి. చిన్న వైపు 800 పిక్సెళ్ళు. 160 చీటీ ఉన్నదానికి 800 డీపీ, ట్యాబే. 213 ఉన్నదానికి 800 ఇంటూ 160 బై 213, అంటే 600.9. ట్యాబే, కానీ గోడ అంచున నడుస్తోంది. 240 ఉన్నదానికి 533. ఫోన్!

రెండో ట్యాబ్‌లో పక్కన ఉండాల్సిన అక్షరాల వరస కనపడకుండా మెనూలోకి పోయిందని నేను ముందే గమనించాను. ఎమ్యులేటర్‌లో (లాప్‌టాప్‌లో నడిచే ఉత్తుత్తి ట్యాబ్‌లో) బాగానే ఉందిగా, ట్యాబ్‌లోనే ఏదో తేడా అనుకుని వదిలేశాను. తేడా ట్యాబ్‌లో లేదు, నా 600లో ఉంది.

మొదటి ట్యాబ్ కథ ఇంకా బాగుంటుంది. మాస్టారి బళ్ళో టీచర్ ఒకావిడ అక్షరాలు చిన్నగా ఉన్నాయని సెట్టింగ్స్‌లోకి వెళ్ళి డిస్‌ప్లే సైజ్ ఒక మెట్టు పెంచారు. ఆండ్రాయిడ్ 7 నుంచి ఆ సౌకర్యం ఉంది. అది చేసే పని చీటీలో అంకె మార్చడమే. 213 కాస్తా పెరిగింది, 600.9 కాస్తా 600 కిందకి దిగింది, ఆ క్షణం నుంచి ఆ ట్యాబ్ కూడా ఫోన్ అయిపోయింది. "మీ యాప్ పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉంటోందండీ" అని ఆవిడ ఫోన్ చేసినప్పుడు నేను నెట్‌వర్క్ సమస్యేమో అన్నాను. యాప్‌కి నెట్‌తో పనే లేదు. సిగ్గుగా ఉంది కానీ అదే అన్నాను.

దీనికి నేను చేసింది ఏమిటంటే, 600ని పక్కనపెట్టి నా యాప్‌కి ఏం కావాలో అది చూసుకున్నాను. గడి, పక్కన అక్షరాల వరస, మధ్యలో కాస్త ఖాళీ. మొత్తం కూడితే 500 డీపీ దాటితే సరిపోతుంది. ఫోన్లు ఎంతుంటాయి? 1080 పిక్సెళ్ళ వెడల్పు, 480 చీటీ అయితే 360 డీపీ. అదే వెడల్పుకి 420 చీటీ అయితే 411. మామూలు ఫోన్లన్నీ ఈ చుట్టుపక్కలే తిరుగుతాయి. కాబట్టి 411కీ 533కీ మధ్య చాలా ఖాళీ జాగా ఉంది, గీత అక్కడ గీస్తే ఎవరికీ తగలదు. ఫోల్డర్ పేరు ఎస్‌డబ్ల్యూ480డీపీ అని మార్చాను, దానికి తగ్గట్టు వరసని కొద్దిగా సన్నం చేశాను. ఇప్పుడు టీచరమ్మ డిస్‌ప్లే సైజ్ ఒక మెట్టు పెంచుకున్నా ఆ మొదటి ట్యాబ్ ట్యాబ్‌లానే ఉంటుంది. ఫోల్డర్ పేరులో ఏ అంకె అయినా రాసుకోవచ్చు, 600, 720 శాసనాలేమీ కావు. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆ అంకె మార్చి చూడాలని నాకు తోచలేదు.

ఈ మధ్య కొత్తగా 600 కింద కాంపాక్ట్, 840 దాకా మీడియం, ఆ పైన ఎక్స్‌పాండెడ్ అని కిటికీ కొలతల వర్గాలు వచ్చాయి. తెరని రెండు యాప్‌లు పంచుకున్నప్పుడు అవి పనికొస్తాయి. మాస్టారి పిల్లలు తెర పంచుకోరు, ట్యాబ్ పంచుకోవడమే గొడవ. అందుకని వాటి జోలికి పోలేదు.

ఇప్పుడు అసలు సమస్య, రెండంగుళాల గడి.

ఆండ్రాయిడ్‌లో డీపీ కాకుండా అంగుళం, మిల్లీమీటర్ అని నేరుగా రాసే కొలతలు కూడా ఉన్నాయి. ఎప్పుడూ వాడలేదు. అవి చీటీ అంకెని చూడవు, ఎక్స్‌డీపీఐ అనే ఇంకో అంకెని చూస్తాయి. అది తెర అసలు సాంద్రత అని చెప్పుకునే అంకె. హమ్మయ్య, దొరికింది అనుకుని రెండు అంగుళాలు అని రాసి మూడింటిలో ఎక్కించాను. ఈసారి స్కేలు నేనే కొన్నాను, స్టీలుది.

మొదటి ట్యాబ్‌లో సరిగ్గా రెండు. ఎగిరి గంతేశాను. రెండోది మళ్ళీ రెండున్నర. మూడోది మళ్ళీ 1.7. ఎక్స్‌డీపీఐ ఏమంటోందో తెర మీద రాయించి చూస్తే రెండోది 240 అంది, మూడోది 160 అంది. అంటే ఆ కంపెనీలవాళ్ళు అసలు కొలత నింపాల్సిన గడిలో కూడా చీటీ అంకెనే దించేశారు. పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రోల్ నంబరుతో సహా రాసిన పిల్లాడి బాపతు.

మొత్తానికి తెలిసిందేమిటంటే ట్యాబ్‌ని అడిగి లాభం లేదు. దానికే తెలియదు. మోడల్ పేర్ల పట్టిక పెట్టుకుందామా అంటే, మాస్టారు వచ్చే నెల ఇంకో రకం ట్యాబ్ తెస్తారు. కాబట్టి బయటి నుంచి ఒక కొలత తెచ్చి తెర మీద పెట్టాలి. టైలర్ దగ్గరకి వెళ్తే టేపు పెట్టి కొలుస్తాడు కదా, అలా.

అప్పుడు తట్టింది ఏటీఎం కార్డు. ఏ బ్యాంకుదైనా, ఏ దేశంలోదైనా కార్డు వెడల్పు 85.6 మిల్లీమీటర్లే, ఎత్తు 54కి రవ్వంత తక్కువ. పీవీసీ ఆధార్ కార్డు కూడా అదే కొలత. యాప్ మొదటిసారి తెరిచినప్పుడు ఒక దీర్ఘచతురస్రం చూపిస్తాను. కార్డుని దాని ఎడమ అంచుకి ఆనించి పెట్టి, కుడి అంచుని వేలితో లాగి కార్డు అంచుకి కలపాలి. అంతే. ఆ దీర్ఘచతురస్రం ఎన్ని పిక్సెళ్ళ వెడల్పు ఉందో నాకు తెలుసు, అది 85.6 మిల్లీమీటర్లని తెలుసు. భాగిస్తే అసలు సాంద్రత వచ్చేస్తుంది. మా ఎనిమిది అంగుళాల ట్యాబ్‌లలో ఆ వెడల్పు 636 పిక్సెళ్ళ దగ్గర ఆగాలి. నేను పెట్టి చూస్తే 634, 637, 635 వచ్చాయి. ఏడు అంగుళాలది, 600 బై 1024 తెరది కూడా ఒకటి అరువు తెచ్చి చూశాను. దాని తెర వెడల్పు 90 మిల్లీమీటర్లే, కార్డు అంచులు దాటకుండా అతికినట్టు సరిపోయింది.

ముందు పది రూపాయల బిళ్ళతో చేద్దామనుకున్నాను. దాని అడ్డం 27 మిల్లీమీటర్లు, అందరి దగ్గరా ఉంటుంది. కానీ వేలితో జరిపేటప్పుడు ఒక మిల్లీమీటరు తప్పినా బిళ్ళకి నూటికి నాలుగు వంతుల దాకా తేడా వస్తుంది. కార్డుకైతే ఒక్క వంతు. పైగా గుండ్రటి వస్తువుని ఎక్కడ ఆనించాలో ఎవరికీ తెలియదు.

కార్డు పద్ధతి బళ్ళో మొదటిరోజే తన్నింది. టీచరమ్మ తెర మీద "మీ ఏటీఎం కార్డు ఇక్కడ పెట్టండి" అని చదివి ట్యాబ్‌ని బల్ల మీద బోర్లించేశారు. డబ్బులు కొట్టేసే యాప్ అనుకున్నారు పాపం. తప్పు ఆవిడది కాదు, రోజూ టీవీలో వస్తున్న కథలు అలాంటివి. మాట మార్చాను: "ఏదైనా కార్డుని వెనక్కి తిప్పి పెట్టండి. ఇది కొలత కోసమే. కెమెరా వాడదు, నంబరు అడగదు." యాప్‌కి ఇంటర్నెట్ అనుమతి, కెమెరా అనుమతి రెండూ లేవని మాస్టారికి సెట్టింగ్స్‌లో చూపించాను కూడా. ఆవిడ తర్వాత లైబ్రరీ కార్డు పెట్టి చూశారట, అది కాస్త పెద్దది, గడి కూడా పెద్దదైపోయింది. కార్డు ఎత్తు కూడా కొలిపించి, నిష్పత్తి తేడాగా ఉంటే "ఈ కార్డు వద్దు" అని చెప్పేలా చేశాను.

ఈ కొలత గడికి మాత్రమే వాడుతున్నాను. బటన్లు, అక్షరాలు, ఖాళీలు అన్నీ డీపీలోనే ఉన్నాయి, ఉండాలి కూడా. టీచరమ్మకి కళ్ళు సరిగ్గా కనపడక డిస్‌ప్లే సైజ్ పెంచుకుంటే బటన్లు పెరగాలి, అది ఆవిడ హక్కు. గడి మాత్రం పెరగకూడదు, ఎందుకంటే అది పిల్ల వేలి కోసం. అన్నిటినీ అసలు అంగుళాల్లో కట్టేద్దామని ఒక పూట ఉబలాటపడ్డాను, మంచిదయింది చేయలేదు. వేలు గీత దాటి ఎంత పక్కకి పోతే తప్పు అనే లెక్క కూడా డీపీ నుంచి మిల్లీమీటర్లలోకి మార్చాను. అంతకుముందు 160 ట్యాబ్‌లో పిల్లలు తెగ తప్పులు చేస్తున్నారని, 240 ట్యాబ్ తీసుకున్నవాళ్ళు బాగా రాస్తున్నారని టీచర్ అనుకుంటూ ఉండేవారు. ఏ పిల్లాడి చేతికి ఏ ట్యాబ్ వచ్చిందన్నదే అక్కడ తేడా.

బొమ్మల సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఈ తప్పు చాలామంది చేస్తారు. 'అ' అంటే అమ్మ, 'ఆ' అంటే ఆవు అని ప్రతి అక్షరం వెనుక ఒక పెద్ద బొమ్మ, 1600 బై 1000 పిక్సెళ్ళది. అన్నిటినీ డ్రాయబుల్ అనే ఫోల్డర్‌లో పడేశాను, ఏ చీటీ లేకుండా. చీటీ లేదంటే ఆండ్రాయిడ్ దాన్ని 160 అనుకుంటుంది. అనుకుని, 213 ట్యాబ్‌లో 1.33 రెట్లు సాగదీస్తుంది. 1600 బై 1000 కాస్తా 2130 బై 1331 అవుతుంది. పిక్సెల్‌కి నాలుగు బైట్ల చొప్పున 6.4 ఎంబీ తినాల్సిన బొమ్మ 11 ఎంబీ పైన తింటుంది. 320 చీటీ ఉన్న ట్యాబ్‌లో అయితే రెండు వైపులా రెట్టింపు, అంటే 25.6 ఎంబీ. ఒక్క ఆవుకి! ఒక జీబీ ర్యామ్ ఉన్న ట్యాబ్ 'ఔ' దగ్గరకొచ్చేసరికి చేతులెత్తేసేది. పిల్లలు దానికి 'ఔ ట్యాబ్' అని పేరు కూడా పెట్టారు. బొమ్మలన్నిటినీ డ్రాయబుల్-నోడీపీఐ ఫోల్డర్‌లోకి మార్చాను. నోడీపీఐ అంటే దీన్ని ముట్టుకోకు, ఉన్నది ఉన్నట్టు ఇవ్వు అని. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు, ఔ దాటింది. ఐకాన్లని వెక్టర్లుగా (ఎంత సాగదీసినా చెదరని గీతల బొమ్మలుగా) మార్చాక 213 కోసం ప్రత్యేకంగా బొమ్మలు చేసే బెడద కూడా పోయింది. అంతకుముందు 240 బొమ్మని కుదించి 213కి వాడుతుంటే సన్నగీతలు అలుక్కుపోయేవి.

ఇదంతా పరీక్షించడానికి పది ట్యాబ్‌లు అక్కర్లేదు. ఒకే ట్యాబ్‌లో డబ్ల్యూఎం డెన్సిటీ పక్కన 160, 213, 240, 320 అని మార్చి మార్చి చూడొచ్చు, చివర్లో రీసెట్ అంటే సొంత అంకెకి వచ్చేస్తుంది. ఈ రీసెట్ మర్చిపోయి ఒక ట్యాబ్‌ని 320లోనే బడికి పంపించేశాను. రెండు రోజులు దాన్ని 'తాతగారి ట్యాబ్' అన్నారట, అన్నీ లావుగా కనపడుతున్నాయని.

పోయిన శనివారం అన్ని ట్యాబ్‌లూ పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. ఈ మధ్యలో మాస్టారు పది అంగుళాలది ఇంకోటి కొన్నారు. నేనడగకుండానే తన పీవీసీ ఆధార్ తీసి, వెనక్కి తిప్పి తెర మీద పెట్టి, అంచు కలిపి, సరే నొక్కారు. తర్వాత సొరుగు లాగారు. అదే చెక్క స్కేలు, అదే ఒకటో అంగుళం దగ్గర నుంచి.

"రెండు" అన్నారు. రెండో ట్యాబ్, "రెండు." మూడోది, నాలుగోది. అన్నిటికీ రెండే. స్కేలుని సొరుగులో పెట్టేసి, అక్షరాల వరసని వేలితో చివరిదాకా జరిపారు. క్ష దగ్గర ఆగి నా వైపు చూశారు.

"బండి ఱ ఏదమ్మాయ్?"